చలికాలపు కూరగాయలకు నీడపట్టున నారు



యాసంగిలో గోబిగడ్డ, గోబిపువ్వు, నూల్‌కోల్ వేసుకోదలచినవారికి ఈ పూట కొన్ని సంగతులు మనవి చేయదలచుకొన్నాను. క్యాబేజీని మనవైపు గోబిగడ్డ అనీ, కాలీఫ్లవరును గోబిపువ్వు అనీ అంటారు. నేనూ ఆ పేర్లతోనే మాట్లాడతాను. ఇవి చలిని ఓర్చే పంటలు. ఓర్చడమే కాదు, చలి తగిలితేనే గట్టిగా గడ్డ కట్టి, తెల్లగా పువ్వు పట్టే పంటలు. అయినా నేను చెప్పబోయేది చలికాలపు మాట కాదు. చలి ఇంకా రాకముందు, ఎండా వానా రెండూ కలిసి ఉన్న రోజుల మాట. ఎందుచేతనంటే ఈ పంట బాగోగులు డిసెంబరులో పొలంలో తేలేవి కావు. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో, నారు పెరిగే ఆ 28 రోజులలోనే చాలావరకు తేలిపోతవి.

చలి దేశాలలో కూరగాయల నారును ఇంటిలోపల పెంచే అలవాటు ఉన్నది. బయట మంచు పడి నేల గడ్డకట్టి ఉంటే, కిటికీ పక్కన చిన్న చిన్న గిన్నెలలో మట్టి పోసి విత్తనం పెడతారు. మంచు పోయిన తరువాత మొక్కలను తోటలోకి మారుస్తారు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు కూడా వంగ, మిరప నారును ఇట్లాగే ఇంట్లో దీపాల వెలుతురున పెంచి, చలి తగ్గినాక పెరట్లో నాటుకొంటారు. వారికి శత్రువు చలి. మనకు చలి శత్రువు కాదు, చుట్టం. మన నారుకు శత్రువులు వేరే ఉన్నారు. ఒకటి, వానలు ఆగిన నాలుగు రోజులకే చుర్రుమని కాసే భాద్రపదపు ఎండ. రెండవది, ఆ ఎండ మధ్యలోనే వచ్చిపడే జడివాన. వాళ్ళు చలికి వెరచి నారును ఇంట్లో పెడతారు. మనం ఎండకూ వానకూ వెరచి నారును నీడపట్టున పెట్టవలెను. పని ఒకటే, కారణం వేరు.

ఇక మన నేల సంగతి చూడండి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016 అక్టోబరు నుంచి వేరు వేరు జిల్లాలైనవి. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఒకవైపు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, 2019లో ఏర్పడిన నారాయణపేట మరొకవైపు. జిల్లాలు ఎన్నైనా మన చెలకలు ఒక్కతీరువే, మన మబ్బులు ఒక్కతీరువే. ఏడాదికి సుమారు 600 నుంచి 850 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే. ఆ తరువాత బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే అక్టోబరులో కూడా కుండపోతగా కురుస్తుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన వాన మీరు మరచి ఉండరు. అటువంటి వాన ఒక్క రాత్రి కురిస్తే, కప్పు లేని నారుమడిలో రెండాకుల మొలక మిగలదు. వాన కొట్టుకుపోనిచ్చినవి కొన్ని, బురద కప్పినవి కొన్ని, మిగిలినవాటికి మొదలు కుళ్ళు.

మొలక పోతే విత్తనం ఖర్చు ఒక్కటే పోదు. కాలం పోతుంది. గోబి విత్తనం ఆవగింజంత ఉంటుంది గాని, సంకర రకపు పొట్లం ధర ఎంతో కొన్నవారికి తెలుసు. అయినా పొట్లం మళ్ళీ కొనవచ్చు. పోయిన 20 రోజులను ఏ దుకాణంలోనూ కొనలేము. కార్తీక మాసంలో ఎందరో మాంసం మానుతారు, కూరగాయలకు గిరాకీ ఉంటుంది. అప్పుడు పువ్వు తెంపి బజారుకు తెచ్చినవాని లెక్క వేరు. సంక్రాంతి దాటిన తరువాత అందరి పంటా ఒక్కసారి బోయినపల్లి మార్కెట్టుకు చేరితే, కోత కూలీ, ఆటో కిరాయి కూడా గిట్టక, గడ్డలను పొలంలోనే పశువులకు వదిలే రోజులు వస్తవి. ఇంకా ఆలస్యమైతే శివరాత్రి దగ్గరపడి ఎండ ముదురుతుంది. గడ్డ పగులుతుంది, పువ్వు విచ్చిపోయి పసుపు తిరుగుతుంది.

మరి ఈ పంట మనకెందుకు అంటారా? నీళ్ళ కోసం, రోజూ చేతికి వచ్చే నాలుగు రూపాయల కోసం. చెలకల్లో బోరు కింద యాసంగి వరి వేస్తే, మాఘమాసం నాటికి బోరు ఆగి ఆగి పోస్తుంది. గోబికి వరికి పెట్టే నీళ్ళలో సగం కూడా పట్టదు. నాటిన 65 మొదలు 80 రోజులలో కోత ముగుస్తుంది, ఎండలు ముదరకముందే నీటి అవసరం తీరిపోతుంది. పాలమూరు కూలీ అన్న పేరు దేశంలో ఎందరికో తెలుసు. ఎక్కడెక్కడి ఆనకట్టలకో కాలువలకో మన్ను మోసిన చేతులవి. తరువాత మన దగ్గర కూడా కాలువలు, ఎత్తిపోతలు వచ్చినవి. అయినా కాలువ అందని చెలకలో, ఒక్క బోరు మీద బతికే కుటుంబానికి చలికాలమంతా ఊళ్ళోనే పని చూపించే పంట ఒకటి ఉండవలెను. అర ఎకరం కూరగాయలు ఆ పని చేయగలవు. అందుకు మొదటి మెట్టు నారు.

ఇప్పుడు ఒక చిన్న సూత్రం చెబుతాను, గుర్తుపెట్టుకోండి. ఇంట్లో 3 రోజులు, పందిరి కింద 3 వారాలు, ఎండలో 4 రోజులు. మొత్తం 28 రోజులు. ఈ మూడు మజిలీలలో ఏది తప్పినా నారు చెడుతుంది.

ముందు లెక్క చూద్దాం. సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్లు ఎడం పెడితే ఎకరానికి సుమారు 15,000 మొక్కలు పడతవి. అర ఎకరానికి 7,500. నాటినాక చచ్చినవాటికి బదులుగా పదింటికొకటి చొప్పున ఎక్కువ పెంచుకొన్నా 8,250 చాలు. గోబి విత్తనం గ్రాముకు సుమారు 300 గింజలు ఉంటవి. అంటే 10 గ్రాముల పొట్లాలు మూడు. ప్లాస్టిక్ ట్రేలలో పెంచేవారికి, 98 గుంటల ట్రేలు 85 కావలెను. ఇన్ని ట్రేలు పరచడానికి ఎంత జాగా అనుకొంటున్నారు? ఏడెనిమిది మంచాలు వేసేంత జాగా. అర ఎకరం పంట యావత్తూ ఆ కాస్త జాగాలో 28 రోజులు ఉంటుంది. అర ఎకరానికి కప్పు వేయలేము గాని, ఏడెనిమిది మంచాలంత జాగాకు వేయలేమా?

ట్రేలు ఉన్నవారు ముందుగా కొబ్బరి పొట్టు సిద్ధం చేసుకోవలెను. ఒక ట్రేకు సుమారు 1.2 కిలోల పొట్టు పడుతుంది. 85 ట్రేలకు 100 కిలోల పైచిలుకు. గట్టి దిమ్మలుగా అమ్మే పొట్టును నీళ్ళలో నానబెట్టి, విడదీసి, ఉప్పు పోయేటట్లు ఒకటి రెండుసార్లు మంచినీళ్ళతో కడగండి. పిడికిట పట్టి నొక్కితే వేళ్ళ సందున తడి కనిపించవలెను గాని, నీళ్ళు కారకూడదు. గుంటలు నింపి, నడుమ వేలితో అర సెంటీమీటరు లోతు నొక్కి, ఒక్కొక్క గింజ వేసి, పైన పలుచగా పొట్టు చల్లవలెను. ఒక గుంటకు ఒకే గింజ. "రెండేస్తే ఒకటన్న మొలుస్తది గదా" అని కొందరు అంటారు. రెండూ మొలిస్తే ఒకదాన్ని పీకవలసిందే. పీకేది డబ్బు పెట్టి కొన్న మొక్కనే గదా.

ఇక మొదటి మజిలీ. గింజలు వేసిన ట్రేలను పదేసి చొప్పున ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన ఖాళీ ట్రే పెట్టి, ప్లాస్టిక్ కాగితంతో కప్పి, ఇంట్లోగాని కొట్టంలోగాని నీడన ఉంచండి. ఎలుక, చీమ దగ్గరికి రాకుండా చూడండి. లోపలి ఆవిరికి, వెచ్చదనానికి మూడు రోజులలో మొలక తల ఎత్తుతుంది. రెండవ రోజు సాయంత్రం నుంచే పూటపూటకూ కప్పు తీసి చూస్తుండవలెను. నూటికి పది మొలకలు కనబడ్డవంటే ఇక ఒక్క పూట కూడా లోపల ఉంచకూడదు. వెలుతురు లేని చోట మొలక వెలుతురు కోసం సాగి సాగి, తెల్లగా దారంలాగా లేస్తుంది. అట్లా సాగిన మొక్కను తరువాత ఎన్ని ఎరువులు పోసినా నిలబెట్టలేము. ఇంట్లో పెంచడం అంటే ఇంట్లోనే ఉంచడం అనుకొంటే నష్టమే. ఇల్లు మొలకెత్తించడానికి; పెంచడానికి వెలుతురు ఉన్న నీడ కావలెను.

రెండవ మజిలీ పందిరి. నిలువెత్తు గుంజలు పాతి, పైన సగం ఎండను ఆపే పచ్చ నీడవల వేయవచ్చు. అది లేనివారు తాటాకులో, ఈతాకులో సందులు విడిచి పరవవచ్చు. మన నల్లగొండ జిల్లాలో తాటాకుకు కొదువ లేదు. కింద నేలమీద ఎండ మచ్చలు మచ్చలుగా పడితే పందిరి సరిగా ఉన్నట్లు. మచ్చ అన్నది లేకుండా చల్లని నీడ పడితే అది మనుషులు కూర్చునే పందిరి, నారుకు పనికిరాదు. మబ్బు పట్టిన రోజులలో ఆకులు కొన్ని తీసివేయండి. వానకు మాత్రం వేరే ఏర్పాటు కావలెను. వెదురు బద్దలను విల్లులాగా వంచి మడికి అటు ఇటు గుచ్చి, వాన వచ్చేటప్పుడు ప్లాస్టిక్ కాగితం కప్పి, వాన వెలియగానే తీసివేయండి. తీయడం మరచిపోతే లోపల ఉడికి, వాన చేసే చెరుపు మన చేతులతో మనమే చేసినవారమవుతాము. చుట్టూ 40 మెష్ నైలాను వల కట్టుకొంటే డైమండు రెక్క పురుగు, పేనుబంక నారు దగ్గరికి రావు. నారులోనే గుడ్డు పడితే పురుగును మనమే పొలానికి మోసుకొని పోయినట్లు.

ట్రేలు కొనలేనివారు, కొననక్కరలేదు అనుకొనేవారు నిరుత్సాహపడవద్దు. ఎత్తుమడి మన పెద్దల నాటి పద్ధతే. దానిని శ్రద్ధగా చేస్తే ట్రేకు తీసిపోదు. 4 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, జానెడు కన్న కొంచెం తక్కువ, అంటే 15 సెంటీమీటర్ల ఎత్తున మడి కట్టండి. ఎకరానికి ఇటువంటివి 10 మడులు, అర ఎకరానికి 5. పది మడులూ కలిపినా అర గుంట జాగా కూడా కాదు. మడికీ మడికీ నడుమ అడుగు వెడల్పున కాలువ ఉండవలెను. అది మనం నడవడానికి, వాననీరు పోవడానికి. ఒక్కొక్క మడికి బాగా మాగిన పెంట 20 కిలోలు కలపండి. మాగని పెంట వేస్తే వేరుపురుగును పిలిచినట్లే. 90 కిలోల పెంటకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి ఆరకుండా నీడన గోనెపట్టా కప్పి వారం, పది రోజులు ఉంచితే, ఆ మేలు చేసే శిలీంధ్రం పెంటంతా అల్లుకొంటుంది. దానిని మడులలో వేసుకొంటే కుళ్ళు తెగులుకు మంచి కావలి.

నారుమడి వేసే జాగాను వేసవిలోనే తయారుచేసుకొన్నవారు తెలివైనవారు. ఏప్రిల్, మే నెలలలో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గదా. ఆ ఎండను మనం తిట్టుకోవడమే గాని వాడుకోము. మడి కట్టి, బాగా తడిపి, పైన తెల్లని పలుచని ప్లాస్టిక్ కాగితం పరచి, అంచులు మన్నుతో మూసి, 4 నుంచి 6 వారాలు వదిలేయండి. లోపలి వేడికి తెగులు బీజాలు, కలుపు గింజలు చాలావరకు చస్తవి. నల్ల కాగితం కన్న తెల్ల కాగితం ఈ పనికి మంచిది. ఎండ లోపలికి దిగవలెను గనుక.

మడిలో విత్తనం చల్లకూడదు. అడ్డంగా 5 నుంచి 7 సెంటీమీటర్లకు ఒక గీత గీసి, గీతలో సెంటీమీటరు లోతున పలుచగా విత్తి, మెత్తని పెంటతో కప్పి, వరిగడ్డి పరచి, రోజా డబ్బాతో నీళ్ళు చల్లండి. మూడవ రోజు నుంచి గడ్డి ఎత్తి చూడండి. మొలక కనిపించిన సాయంత్రమే గడ్డి తీసివేయవలెను. ట్రేలకు ఇల్లు ఎట్లాగో మడికి ఈ గడ్డి అట్లాగ. విత్తేముందు కిలో విత్తనానికి 3 గ్రాముల థైరం లేదా కాప్టాన్ చొప్పున పట్టించవలెను. పొట్లంలోని గింజలు ఎరుపో నీలమో రంగు పూసి వచ్చినవైతే ముందే మందు పట్టించినవి. మళ్ళీ పట్టించ పనిలేదు. ఆ చేతితో తినే వస్తువు ముట్టవద్దు.

ఇప్పుడు, రైతులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి. "సారూ, నారు మంచిగ మొలిచింది. మూడొద్దులకే నిలుచున్నది నిలుచున్నట్టు పడిపోయింది. ఇత్తనం కల్తీదేమో?" అంటారు. అన్నా, మొలిచింది గదా, ఇక విత్తనాన్ని తప్పు పట్టలేము. మొలక మొదలు నీరు పట్టినట్లయి, దారంలాగా సన్నబడి, ఒరిగిపోతే అది నారుకుళ్ళు. నేలలో ఉండే బూజు జాతి తెగులు అది. దానికి కావలసినవి మూడు: తడి, వత్తు, గాలి ఆడకపోవడం. పొద్దుమునిగే వేళ నీళ్ళు పోసి రాత్రంతా మడి చిత్తడిగా ఉంచితే దానికి పండుగ. అందుచేత నీళ్ళు పొద్దున్నే పోయవలెను. సాయంత్రానికి పైమన్ను ఆరి ఉండవలెను. అక్కడక్కడ చెక్కర్లుగా పడిపోవడం మొదలైతే, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొక్కల మొదళ్ళు తడిసేటట్లు పోయండి. మందు పోసినా తడి తగ్గించకపోతే తెగులు ఆగదు. ముందు తడి, తరువాత మందు.

నీళ్ళ సంగతి ఇంకొక మాట. మన బోర్లలో కొన్ని ఉప్పునీళ్ళు పోస్తవి. ట్రే అంచున, మడి పైన తెల్లని పొర కడుతున్నదంటే ఆ నీళ్ళు లేతనారుకు మంచివి కావు. నారు పెంచేది వానల రోజులలోనే గనుక, ఇంటికప్పు మీది వాననీటిని ఒక డ్రమ్ములోకి పట్టుకొంటే ఈ కాస్త నారుకు చాలావరకు సరిపోతవి. ట్రేలలో కొబ్బరి పొట్టుకు సొంత బలం లేదు. విత్తిన 12వ రోజున, 20వ రోజున లీటరు నీటికి 3 గ్రాముల 19:19:19 ఎరువు కలిపి పోయండి. ఎత్తుమడిలో పెంట సరిగా వేసినవారికి ఆ అవసరం ఉండదు. నారు పచ్చగా ఏపుగా కనపడవలెనని యూరియా చల్లేవారున్నారు. ఏపు వస్తుంది, గట్టిదనం పోతుంది.

మూడవ మజిలీ ఎండ. ఆఖరి 4 రోజులు పందిరి పైకప్పు తీసివేసి, నీళ్ళు తగ్గించి, నారును ఎండకు అలవాటు చేయండి. మొదటిరోజు పొద్దుటి ఎండ, రెండవరోజు మధ్యాహ్నం దాకా, ఆ తరువాత రోజంతా. వాడిపోతే కొద్దిగా తడపండి. నీడ నుంచి తిన్నగా చెలకలోకి తెచ్చి నాటిన మొక్క వారం రోజులు తలవాలుస్తుంది; ఎండ రుచి చూసిన మొక్క మూడవ రోజుకు తలెత్తుతుంది. 4, 5 ఆకులు, పెన్సిలు కన్న సన్నని గట్టి కాండం, తెల్లని వేళ్ళు ఉంటే నారు నాటుకు వచ్చినట్లు. పీకేముందు బాగా తడిపి, సాయంత్రం పూట నాటండి. నాటేటప్పుడు ప్రతి మొక్క నడినెత్తి చూడండి. కొన్నింటికి ఆకులుంటవి గాని నడుమ మొగ్గ ఉండదు. అవి గుడ్డిమొక్కలు; ఆకులు వేస్తవి గాని గడ్డగాని పువ్వుగాని కట్టవు. అక్కడే పారవేయండి.

నారు ముదిరితే ఏమవుతుంది? గోబిగడ్డ కొంత ఓర్చుకొంటుంది. గోబిపువ్వు ఓర్చదు. బోరు నీళ్ళు లేవనో, దుక్కి కాలేదనో నారును 40, 45 రోజులు మడిలోనే ఉంచి నాటితే, మొక్క పెరగకముందే గుండీ అంత పువ్వు పట్టి ఊరుకుంటుంది. కనుక నారు పోసిన రోజే, 28వ రోజుకు పొలం సిద్ధంగా ఉంటుందా అని చూసుకోవలెను. ఉండదనుకొంటే నారు పోయడమే వారం వెనుకకు జరపండి.

గోబిపువ్వులో రకం ఎన్నిక కూడా ఇంత ముఖ్యమే. ఇది విదేశాల పంట. 1822లో ఇంగ్లండు నుంచి విత్తనం తెచ్చి ఉత్తరాన సహారన్‌పూర్ తోటలో వేశారు. ఆ తరువాత మన దేశపు సాగుదారులు వేడికి ఓర్చి పువ్వు పట్టిన మొక్కలనే విత్తనానికి వదులుతూ, వదులుతూ, తరతరాలకు వేడిని తట్టుకొనే దేశీ రకాలను నిలబెట్టారు. ఎర్లీ కున్వారి, పూసా దీపాలి, పూసా మేఘన వంటి ముందస్తు రకాలు ఆ కోవలోవి. ఇవి 20 నుంచి 27 డిగ్రీల వేడిలో పువ్వు పడతవి. స్నోబాల్ రకాలకు 10 నుంచి 16 డిగ్రీలు కావలెను. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రులలోనే 14 నుంచి 17 డిగ్రీల దాకా దిగుతుంది, పగలు మళ్ళీ 28 దాటుతుంది. అందుచేత స్నోబాల్ మనది కాదు. ముందస్తు రకాన్ని ఆలస్యంగా వేస్తే గుండీలు. చలి రకాన్ని ముందుగా వేస్తే ఆకులే ఆకులు. ఈ తప్పు బయటపడేది నాటిన రెండు నెలలకు. కనుక కొన్న బిల్లు, ఖాళీ పొట్లం పంట చేతికి వచ్చేదాకా దాచిపెట్టండి.

కార్తెల లెక్కన చెబుతాను. మఖలో, అంటే ఆగస్టు రెండవ పక్షంలో, ముందస్తు గోబిపువ్వు నారు పోయండి. ఉత్తరలో నాటితే కార్తీకం ముగిసే నాటికి మొదటి తెంపు అందుతుంది. ఉత్తర కార్తెలో, సెప్టెంబరు రెండవ పక్షంలో, నడిమి రకపు గోబిపువ్వు, గోల్డెన్ ఏకర్ వంటి గోబిగడ్డ. చిత్తలో నాటితే ఇది సంక్రాంతి ముందరి పంట. చిత్తలో, అక్టోబరు నడుమ, గోబిగడ్డ, నూల్‌కోల్ మాత్రమే. విశాఖలో నాటితే శివరాత్రి ఎండలకు ముందే ముగుస్తుంది. స్వాతి దాటాక గోబిపువ్వు నారు పోయవద్దు. అర ఎకరం ఉన్నవారు మొత్తం ఒక్కసారి వేయక, మూడు తడవలుగా వేసుకొంటే, మూడు తడవలుగా డబ్బు కనపడుతుంది. ఒక తడవ ధర పడిపోయినా మరొక తడవ ఆదుకొంటుంది.

నారు 12, 13 రోజులదైనప్పుడు పొలంలో ఒక పని చేయవలసి ఉన్నది. గోబి 25 సాళ్ళకు ఒక పక్కన ఒక సాలు ఆవాలు విత్తండి. అంటే నాటడానికి 15 రోజుల ముందు. నాటిన 25 రోజులకు రెండవ పక్కన మరొక సాలు విత్తండి. డైమండు రెక్క పురుగుకు గోబి కన్న ఆవాల మీద మక్కువ ఎక్కువ. గుడ్లు అక్కడ పెడుతుంది. మందు ఆ రెండు సాళ్ళకు కొడితే గోబికి కొట్టే మందు చాలా తగ్గుతుంది.

కొందరు అమ్మలు అడుగుతుంటారు, "క్యారెట్టు, ముల్లంగి కూడ ఇట్ల నారు పోసుకోవచ్చునా?" అని. వద్దమ్మా. వాటిలో మనం తినేది వేరే గదా. ఆ వేరు ఒకసారి కదిలితే రెండుగా చీలుతుంది, వంకరపోతుంది. క్యారెట్టు, ముల్లంగి నేరుగా పొలంలోనే బోదెల మీద విత్తుకోవలెను. బీట్‌రూటుకూ అదే మేలు.

ఈ నారు పని బరువైనది కాదు. ముసలివారు చేయవచ్చు, ఇంటి ఆడవారు వంటపని నడుమ చేయవచ్చు. కావలసింది పూటకు ఒక్కసారి వంగి చూసే కన్ను. నలుగురు మహిళలు సంఘంగా కలిసి, ఒక పందిరి కింద ఊరికంతటికీ నారు పెంచి అమ్ముకోవచ్చు కూడా. హైదరాబాదు దగ్గర జీడిమెట్లలో ఉద్యాన శాఖ వారి కేంద్రంలో ఇట్లాగే ట్రేలలో కూరగాయల నారు పెంచి రైతులకు ఇస్తూ వచ్చారు. వీలుంటే ఒకసారి చూసి రండి. సందేహాలుంటే మీ క్లస్టరు రైతు వేదికలో విస్తరణాధికారిని అడగండి. కంపాసాగర్, గడ్డిపల్లి, పాలెం, మదనాపురంలలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నవి. ఏది దగ్గరైతే అక్కడికి వెళ్ళండి. తెగులు పట్టిన మొక్క ఉంటే వేళ్ళతో సహా, మన్నుతో సహా తీసుకొని వెళ్ళండి. మాటలకన్న మొక్క ఎక్కువ చెబుతుంది.

విస్తరణ పనిలో ఉన్న నా తోటివారికి ఒక మనవి. ఒక ఊరిలో వంద మందికి ఉపన్యాసం చెప్పడం కన్న, మఖ కార్తెలో ఒక్క రైతు ఇంటి ముందర ఐదు ట్రేలు పెట్టించి, 28 రోజులలో నాలుగుసార్లు వెళ్ళి చూడండి. పోయేవారూ వచ్చేవారూ ఆగి చూస్తారు. వచ్చే ఏడాదికి ఆ వీధిలో ఇంకొన్ని పందిళ్ళు లేస్తవి.

సోదరులారా! ఇంట్లో 3 రోజులు, పందిరి కింద 3 వారాలు, ఎండలో 4 రోజులు. చలి తన వేళకు తాను వస్తుంది. అది వచ్చేనాటికి మన మొక్క పొలంలో వేరు పట్టి నిలబడి ఉండవలెను.